తూముకు ఎగువన రైతు మాట

జులై నెలలో రైతును సభకు పిలవడమంటే నాటు వేసే మనిషిని మడిలోంచి లేపుకొని రావడమే. అయినా ముందు వరుసలు నిండాయి. అంటే నీళ్ల సంగతి ఇంకా తేలలేదన్నమాట.

జులై 11 నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. 1877లో హైదరాబాదులో మీర్ అహ్మద్ అలీగా పుట్టి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, నిజాం సర్కారు పబ్లిక్ వర్క్స్ శాఖలో చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగిన మనిషి. పాలేరు, వైరా, నిజాంసాగర్ జలాశయాలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. స్వాతంత్ర్యానికి ముందు నెహ్రూ అధ్యక్షతన ఏర్పడ్డ జాతీయ ప్రణాళికా సంఘం నదులు, సాగునీటి ఉపసంఘాన్ని ఆయన చేతికిచ్చింది. తెలంగాణ ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది.

సంగారెడ్డి వాళ్లకు ఆయన దూరపు మనిషి కాడు. మహారాష్ట్ర బాలాఘాట్ గుట్టల్లో పుట్టి మన జిల్లా మీదుగా పోయే మంజీర మీదే ఆయన 1923లో నిజాంసాగర్ మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఆ ప్రాజెక్టు కథలో ఒక ముక్క ఇవాళ్టి మాటకు పునాది. 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేలా కట్టిన జలాశయం నాలుగు దశాబ్దాల్లో సగానికి పైగా పూడిపోయింది. కట్ట గట్టిదే, తూములు గట్టివే. కట్ట కింద ప్రతి కాలువనూ ఇంజనీరు తన కాగితం మీద గీసుకున్నాడు. కట్టకు పైన వందల మైళ్ల నేల మీద ఎవరు ఏ చెట్టు కొడతారో, ఏ మట్టి కిందికి దిగుతుందో ఆయన చేతిలో లేదు. అంత పెద్ద ఇంజనీరుకే లేని ఆ పట్టు, చిన్న రైతుకు ఎవరిచ్చారు? రైతుల భాగస్వామ్యం గురించి మన దగ్గర నలభై ఏళ్లుగా నడుస్తున్న మాటంతా తూముకు దిగువన ఆగిపోయింది. వ్యవసాయం బాగుపడిందా, పాడైందా అనేది మాత్రం చాలాచోట్ల తూముకు ఎగువన తేలింది. ఈ ఉపన్యాసం వాదించేది ఇంతే. మెట్టు మెట్టుగా చూద్దాం.

1

పటాన్‌చెరు, జిన్నారం, సంగారెడ్డి ప్రాంతమంతా గొలుసు చెరువుల నేల. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు వరద. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అన్న మాటలు తెలియని పాత రైతు ఇక్కడ ఉండడు. చెరువు నీళ్లు పంచే పని నీరడిది. తూము ఎప్పుడు తీయాలి, ఎంతసేపు ఉంచాలి, ఏ మడి తర్వాత ఏ మడి తడవాలి అన్నది అతని నోట ఉండేది. జీతం కల్లం దగ్గర గింజల్లో.

అన్నిటికన్నా గట్టి ఏర్పాటు తైబందీ. వానాకాలం ముగిశాక చెరువులో ఎంత నీరుందో చూసి, యాసంగికి ఆయకట్టులో ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో ముందే తేల్చుకోవడం. పావు చెరువే ఉంటే తూముకు దగ్గరగా కొంత భాగమే పారుతుంది. ఆ భాగంలో మిగతా రైతులకూ తలా ఇన్ని గుంటలు పంచుకున్న ఊళ్లూ ఉన్నాయి. నీళ్లు చూశాకే విత్తనం. ఆ వరస తప్పితే మార్చిలో మడి నెర్రెలు బారుతుందని అందరికీ తెలుసు.

దీన్ని స్వర్ణయుగం చేసి చెప్పడం అబద్ధమవుతుంది. నీరడి కులం ఏమిటో, పటేలు మడి ఎక్కడుండేదో, నీళ్లు ముందు ఎవరికి పారేవో ఈ సభలో వివరించనక్కర్లేదు. దళితుల భూములు చాలా ఊళ్లలో ఆయకట్టు చివర్లో ఉండటం యాదృచ్ఛికం కాదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి: కొలత, నిర్ణయం, కాపలా మూడూ ఊళ్లోనే ఉండేవి.

కాలువ ఊళ్లలోనూ అంతే. రాబర్ట్ వేడ్ అనే ఆర్థికవేత్త 1970ల చివర్లో కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లు తిరిగి 1988లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆయన చూసిన కొన్ని ఊళ్లలో ఏ చట్టమూ చెప్పకుండానే రైతులు ఊరి నిధి పెట్టుకున్నారు, పొలం కాపలాదార్లను, నీళ్లు పారించే మనుషులను జీతానికి కుదుర్చుకున్నారు. మరి పక్క ఊళ్లలో ఆ ఏర్పాటు ఎందుకు లేదు? కాలువ మొదట్లో ఉన్న ఊరికి నీళ్ల భయం లేదు. చివర ఉన్న ఊరికి ఉంది. నష్టం భయం ఉన్నచోట, కలిసి పనిచేస్తే లాభం కళ్లకు కనపడేచోట రైతు తనంత తానే సంఘం కట్టాడు. స్పెయిన్‌లోని వలెన్సియాలో రైతులు ఎన్నుకున్న నీటి న్యాయమూర్తులు శతాబ్దాలుగా ప్రతి గురువారం చర్చి గుమ్మం ముందు కూర్చొని కాలువ తగాదాలు తీరుస్తున్నారు. అక్కడా నీళ్లు తక్కువే.

2

ఇక 1997. ఉమ్మడి రాష్ట్రంలో రైతులచే నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చింది. ఒక్క విడతలో 10,292 నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు. పంచాయతీ ఎన్నికలంత సందడి. ఇలా రైతులకు అప్పగించే పనిని ఫిలిప్పీన్స్ ఇరవై ఏళ్ల ముందే చిన్నచిన్న వ్యవస్థలతో మొదలుపెట్టింది. మెక్సికో జిల్లా తరవాత జిల్లాగా పోయింది. మనం ఒకే తేదీకి రాష్ట్రమంతా. ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంది. నీటి తీరువా అదే కాలంలో మూడింతలు దాటి పెరిగింది: పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి పంట వరికి ఎకరానికి 60 రూపాయలు ఉన్నది 200 అయింది. పెంచిన తీరువాలో వాటా సంఘాలకే ఇచ్చి, ఆ డబ్బుతో కాలువలు బాగుచేసుకోమన్నది లెక్క.

మొదటి రెండు మూడేళ్లు ఫలితం కనపడింది. ఏళ్ల తరబడి పూడిక తీయని పిల్లకాలువలు తీశారు. తుప్పు పట్టిన షట్టర్లు కదిలాయి. చివరి ఆయకట్టులో కొన్నిచోట్ల చాన్నాళ్ల తరవాత వరి వేశారు. కాంట్రాక్టరు చేసే పనికీ, తన మడికి నీళ్లు రావలసిన మనిషి నిలబడి చేయించే పనికీ తేడా ఉంటుంది. ఇది పుస్తకాల మాట కాదు. కాలువ గట్టు మీద నడిచిన ఏ లష్కరును అడిగినా చెబుతాడు.

తర్వాత? సంఘం అంటే పనులు, పనులంటే బిల్లులు అయిపోయింది. అధ్యక్షుడే కాంట్రాక్టరైన చోట్లున్నాయి. ఎన్నికలు వాయిదాలు పడ్డాయి. చట్టం సవరించారు, కాలపరిమితి మార్చారు. తెలంగాణ వచ్చాక ఈ ఎన్నికలు జరగలేదు. నీటి తీరువా వసూలు కూడా మానేశారు. తీరువా పోవడం రైతుకు సంతోషమే, కాదనం. కాని తీరువాతోపాటు సంఘానికి సొంత రాబడి, రాబడితోపాటు అధికారిని నిలదీసే గొంతు కూడా పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టారు. అక్కడ ఏమవుతుందో గమనించదగ్గదే.

చట్టంలో మన ప్రాంతానికి పనికొచ్చే రెండు వివరాలున్నాయి. మొదటిది, చిన్న నీటి వనరుల్లో వంద ఎకరాల పైబడ్డ ఆయకట్టు ఉన్న చెరువులకే సంఘాలు. పటాన్‌చెరు చుట్టుపక్కల కుంటలు చాలావరకు ఆ లెక్కలోకి రావు. రెండోది, ఓటు ఆయకట్టు భూమి రికార్డులో పేరున్న వాళ్లకే. చెరువు మీద బతికే బెస్తవాళ్లు, చాకళ్లు ఓటు లేని సభ్యులు. ఇక చెరువుకు పైన ఉన్నవాడు, వరద దారిలో గోడ కట్టినవాడు, గొట్టం పెట్టినవాడు సభ్యుడే కాడు. అతన్ని సమావేశానికి పిలిచే దారే ఆ సంఘానికి లేదు. సంఘం హద్దు ఆయకట్టు హద్దుతోనే సరి.

3

ఆ హద్దు ఎంత ఖరీదైందో నక్కవాగు చెప్పింది.

1970ల్లో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. తరవాత బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. హైదరాబాదుకు దగ్గర, జాతీయ రహదారి పక్క, భూమి చవక. వెనకబడ్డ అప్పటి మెదక్ జిల్లాకు ఉద్యోగాలు వస్తాయన్నారు, వచ్చాయి కూడా. మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాలు చేసే కంపెనీలు వరసగా పుట్టాయి. వాటి వ్యర్థ జలాలు ఇసకవాగులోకి, పాములవాగులోకి, అక్కణ్నుంచి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి దిగాయి. మధ్యలో ఖాజీపల్లి చెరువు, బొల్లారం దగ్గర ఆసానికుంట, కిష్టారెడ్డిపేట చెరువు, గండిగూడెం చెరువు. వాగు వెంట పోచారం, బాచుగూడెం, అరుట్ల, చిద్రుప్ప, బ్యాతోలు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట.

ఈ ఊళ్లకు నీళ్ల కొరత వచ్చిందనుకుంటే పొరపాటు. వాగు ఎండాకాలం కూడా పారడం మొదలుపెట్టింది! ఎకరాల లెక్కన చూస్తే సాగునీరు పెరిగిందనే రాయాలి. ఆ నీళ్లు పెట్టిన వరి తాలు పోయింది. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. బావుల్లో నీళ్లు రంగు తిరిగాయి. పశువులు ఆ నీళ్లు తాగి చచ్చాయి, చేపలు తేలాయి. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు నేలల్లో క్రోమియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉన్నాయని చూపించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. డెబ్బై దాటితే అత్యంత తీవ్రమైన కాలుష్యమని అర్థం. బడిలో డెబ్బై మార్కులకు సంబరపడే మన పిల్లలకు దీన్ని ఎలా చెప్పాలో!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఊళ్లలో రైతులు కలిసి నీళ్లు పంచుకోలేకపోయారా? వంతులు తప్పారా? అదేం లేదు. తూము కింద ఎంత ఐకమత్యం ఉన్నా ఉపయోగపడని జబ్బు ఇది. అరుట్ల రైతు తన వంతు ఒక్క నిమిషం తప్పకుండా పాటించినా అతని మడికి వచ్చేది అదే నీరు. రైతు చేతిలో వంతు ఉంది, వాగు లేదు.

కాబట్టి ఈ ప్రాంత రైతుల భాగస్వామ్యం కాలువ గట్టు వదిలి రోడ్డు మీదికి, కోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల జబ్బులకు మూలం వాగులో ఉందని పట్టుకొని ఊళ్లను కూడగట్టారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ వేసింది. నష్టపోయిన రైతులకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని కోర్టు ఆదేశాలిచ్చింది. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తరవాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. పరిహారం ఎకరాల లెక్కన వచ్చింది. ఎకరాలు మాత్రం తిరిగి రాలేదు.

1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పటాన్‌చెరులో పని మొదలుపెట్టింది. అది సరిపోయిందా? 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే శుద్ధి చేసిన నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మనిషికి మందుగా ఇస్తే రక్తంలో ఉండే మోతాదుకన్నా ఎక్కువ. శుద్ధి చేశాకే ఇంత! ఆ ఫలితం ప్రపంచమంతా తిరిగింది. పటాన్‌చెరు పేరు మందులు పనిచేయని సూక్ష్మజీవుల మీద రాసే పరిశోధనల్లో స్థిరపడింది. ఇక్కడి రైతులు మాత్రం నీళ్లు చెడిపోయాయన్న మాట ఏళ్ల తరబడి పరీక్షల్లేకుండానే చెబుతున్నారు. వాళ్ల మాట ఎక్కడా రికార్డయ్యే చోటు లేదు, అంతే.

పద్దెనిమిది కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీటిని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు తరవాత వచ్చింది. నక్కవాగుకు కొంత ఊరట. కాని అంబర్‌పేట నీళ్లు చేరేది మూసీలోకి. మూసీ కింద కూడా వరి పండించే రైతులే ఉన్నారు. ఆ పైపు వేసేటప్పుడు మూసీ రైతును ఎవరు అడిగారో చెప్పగలవాళ్లు ఈ సభలో ఉంటే ఉపన్యాసం తరవాత లేవండి.

4

మరో మాట. ఇవాళ ఈ జిల్లాలో ఎక్కువ పొలం పారేది చెరువు కింద కాదు, బోరు కింద. బోరుకు తూము లేదు, వంతు లేదు, నీరడి లేడు. స్టార్టరే తూము. కాబట్టి సంఘాల చట్టం అసలు సాగునీటిలో పెద్ద భాగాన్ని తాకనే లేదు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్ల మధ్య దూరం గురించి, అనుమతుల గురించి చెప్పింది. ఊరంతా కలిసి భూమిలోని నీటిని ఎలా ఖర్చు చేయాలో నేర్పలేదు.

నేర్పిన అనుభవం ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో, నంద్యాలలోని బర్డ్స్ సంస్థ నడిపిన రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, ఆ అంకెలు ఊరి గోడ మీద రాశారు. యాసంగికి ముందు కూర్చొని భూమిలో ఎంతుంది, మనం వేద్దామనుకున్న పంటలు ఎంత తాగుతాయి అని లెక్క కట్టారు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. జరిమానా లేదు. లెక్క చూసుకున్న రైతు ఎవరి మడిలో వాళ్లు వరి తగ్గించుకున్నారు, ఆరుతడి పంటలకు మళ్లారు. చాలా పరివాహకాల్లో తోడే నీరు తగ్గిందని తరవాత అధ్యయనాలు చెప్పాయి. ఇది పాత తైబందీనే, చెరువు బదులు భూమి అడుగున. మన పాత మెదక్ జిల్లా ఆ ఏడింటిలో లేకపోవడం మన దురదృష్టం.

మన పొరుగున శంకర్‌పల్లి మండలం కొత్తపల్లి ఉంది. 1999లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు, ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థ కలిసి అక్కడ ఆదర్శ వాటర్‌షెడ్ పని మొదలుపెట్టారు. చెక్‌డ్యాములు ఎక్కడ కట్టాలో ఊరి కమిటీ తేల్చింది. హెక్టారుకు ఒకటిన్నర టన్నులుండే మొక్కజొన్న మూడు టన్నులు దాటింది, బావులు తేరుకున్నాయి, కూరగాయలు హైదరాబాదు మార్కెట్టుకు పోయాయి. గమనించండి: అక్కడ రైతుకు వాన పడ్డ చోటు నుంచీ మాట చెల్లింది. వాగు పైనుంచి కింది దాకా ఊరిదే. నక్కవాగుకూ కొత్తపల్లికీ మధ్య దూరం పెద్దదేం కాదు.

కరెంటు సంగతి ఒక్క ముక్క. 2017లో పాత మెదక్ జిల్లాతోపాటు మరో రెండు జిల్లాల్లో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ప్రయోగంగా ఇచ్చారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా. ఆటోస్టార్టర్లు తీసేయమని సర్కారు బతిమాలింది. కొన్ని ఊళ్లలో రైతులే కూర్చొని మాకు ఇంత కరెంటు వద్దు, బోర్లు ఎండుతాయి అని తీర్మానించారు. సర్కారు ఇస్తానన్నది రైతు వద్దన్న సంఘటన చరిత్రలో అరుదు. ఆ తీర్మానాలు ఏ ఫైల్లో ఉన్నాయో వెతికి అచ్చువేయడం ఏ విశ్వవిద్యాలయమైనా చేయదగ్గ పని.

5

చెరువుల పూడిక తీసి బాగుచేసే పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. నలభై ఆరు వేల పైచిలుకు చెరువులు, కుంటలు లెక్క తేలాయి. తవ్వే ఖర్చు సర్కారుది, పూడిక మట్టి పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. సంఘాలు లేకపోయినా ఇది పనిచేసింది. ట్రాక్టర్లు వరస కట్టాయి. మట్టి విలువ రైతుకు ముందే తెలుసు. చెరువు పూడికలోని నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం విలువ ఎంతో మెదక్ జిల్లా చెరువులనే తీసుకొని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2003లోనే లెక్క కట్టి ప్రచురించారు. అప్పుడు ఆ నివేదికను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అయితే ఫ్యాక్టరీల కింది చెరువుల పూడిక సంగతేమిటి? ముప్పై ఏళ్లు రసాయనాలు దిగిన చెరువు అడుగు మట్టి కూడా నల్లగానే ఉంటుంది. అది ఎరువో విషమో కంటికి తెలియదు. పొలానికి తోలాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు రైతు దగ్గర లేదు, ప్రయోగశాలలో ఉంది. అక్కడికి మట్టి పట్టుకెళ్లే హక్కు, ఫలితం చేతికి తెచ్చుకునే హక్కు రైతుకు లేకపోతే అతని భాగస్వామ్యం ట్రాక్టరు కిరాయితో ముగుస్తుంది.

6

సింగూరు దగ్గరికి వద్దాం. పుల్కల్ మండలంలో కట్టిన, దాదాపు 30 టీఎంసీల జలాశయం. 1965లో మంజీర బ్యారేజీతో మొదలైన హైదరాబాదు దాహం 1990ల్లో సింగూరు దాకా వచ్చింది. రెండు టీఎంసీలు, నలభై వేల ఎకరాలు అన్నది జిల్లా రైతు వాటా. చాలా ఏళ్లు ఆ వాటా కాగితం మీదే ఉంది. కాలువల్లో నీళ్లు వచ్చింది రాష్ట్రం వచ్చాకే. కట్ట మన దగ్గర, ఎవరికి ఎంత అన్న నిర్ణయం సచివాలయంలో. నీళ్లు తక్కువైన ఏడాది ముందు ఆగేది కాలువే. నగరానికి మంచినీళ్లు వద్దనే రైతు ఇక్కడ ఎవరూ లేరు. నీళ్లు పంచే బల్ల దగ్గర తనకూ ఒక కుర్చీ ఉండాలన్నదే రైతు మాట.

ఆ కుర్చీ కోసం మళ్లీ నీటి సంఘాలు పెట్టే మాట వచ్చిన రోజున, 1997 నమూనాను దుమ్ము దులిపి తెస్తే సరిపోదు. వంద ఎకరాల గీత ఈ ప్రాంతంలో చెరిపేయాలి. బోరు రైతుకు, రికార్డుకెక్కని కౌలు రైతుకు, భూమి భర్త పేరున ఉన్న ఆడమనిషికి, చేపలు పట్టేవాళ్లకు ఓటు ఉండాలి. సంఘం హద్దు ఆయకట్టుతో ఆగకుండా చెరువుకు వరద వచ్చే నేలంతా పట్టాలి. ఆ నేలలో ఫ్యాక్టరీ ఉంటే దాని ప్రతినిధి సమావేశానికి వచ్చి తీరాలి. అతనికి ఓటు అక్కర్లేదు, జవాబు చెబితే చాలు. ఇది పరిశ్రమల మీద కోపంతో అంటున్న మాట కాదు. పాశమైలారంలో షిఫ్టు దిగి సాయంత్రం మడికి నీళ్లు కట్టే కుటుంబాలు ఈ హాల్లోనే ఉన్నాయి.

రాబోయే యాసంగికి ముందే ఒకటి చేసి చూడొచ్చు, కొత్త చట్టం అక్కర్లేదు. తైబందీ కూర్చునే రోజున ఊరి ముందు మూడు కాగితాలు పెట్టాలి: చెరువులో ఎంత నీరుందో ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరు ఇచ్చేది, బోర్లలో మట్టం ఎంతో భూగర్భజల శాఖ ఇచ్చేది, ఆ నీటిలో ఉప్పు, లోహాలు ఎంతో కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చేది. మొదటి రెండూ ఎలాగూ ఆఫీసుల్లో తయారవుతాయి. మూడో కాగితం మీద సంతకం పెట్టిన ఇంజనీరు ఆ రోజు ఊళ్లోనే ఉండి రైతులు అడిగిందానికి జవాబు చెప్పాలి. గండిగూడెంతోనో, ఇస్మాయిల్‌ఖాన్‌పేటతోనో మొదలుపెట్టమని ఈ సభ తరఫున జిల్లా కలెక్టరుకు ఒక వినతిపత్రం తయారైంది. పోయే ముందు చదివి, సమ్మతమైతే సంతకం చేయండి.